ఆడవాళ్ళ గేటు గొళ్ళెం

తొర్రూరు టూరింగ్ టాకీసులో దీపాలు ఆరగానే జనమంతా తెర వైపు చూసేవారు. యశోద ఒక్కతే కప్పు వైపు చూసేది. పైన తాటి కమ్మల కప్పు, చుట్టూ తాటి కమ్మల తడికెలు, కింద ఇసుక, మగవాళ్ళ వైపు మనిషికో బీడీ. వైశాఖం ఎండలకు కమ్మలు ఎండి అప్పడాల్లా గలగలమంటున్నాయి. చీకట్లో ఒక్క బీడీ కొస ఎర్రగా మెరిస్తే చాలు, ఆమె గుండె గుబేలుమనేది. పొగ ఆడవాళ్ళ వైపుకి కూడా కమ్ముకొచ్చి చంటిపిల్లలు దగ్గుతుంటే తల్లులు కొంగులు అడ్డం పెట్టుకుని బొమ్మ చూసేవారు.

టాకీసు ఆమె భర్త కృష్ణమూర్తిది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం చల్లారిన మరుసటేడు, అన్నదమ్ములతో కలిసి పప్పుల దుకాణంలో కూర్చోవడం తన వల్ల కాదని తెగేసి చెప్పి ఈ టాకీసు పెట్టాడు. ఆడవాళ్ళ టికెట్లు ఆడమనిషి ఇస్తేనే మర్యాద అని యశోదను కిటికీలో కూర్చోబెట్టాడు. దాంతోపాటు ఇంకో పని కూడా ఆమె మెడకు చుట్టాడు. ఆడవాళ్ళ వైపు ఉన్నది ఒకటే గేటు. ఒకసారి చీకట్లో పోకిరీ కుర్రాళ్ళు అటు దూరితే ఊరి పెద్దలు వచ్చి కృష్ణమూర్తిని దులిపేశారు. అప్పటినుంచి ఆట మొదలుకాగానే ఆ గేటుకు బయటి నుంచి ఇనుప గొళ్ళెం పెట్టాలి, ఆట ముగిశాకే తియ్యాలి. పెట్టేదీ తీసేదీ యశోదే.

ఆ గొళ్ళెం ముట్టుకున్నప్పుడల్లా ఆమె చెయ్యి చల్లబడేది. ఆమె చిన్నప్పుడు పుట్టినూరు దేవరుప్పులలో, ఎవరో సగం తాగి పారేసిన చుట్ట నుంచి గడ్డి ఇళ్ళ వరుసకు వరుస అంటుకుంది. అంతకుముందే యశోద ఇంట్లోవాళ్ళంతా కల్లం దగ్గరికి పోతూ, నడవలేని అవ్వను లోపల ఉంచి, కుక్కలు దూరకుండా బయట గొళ్ళెం పెట్టి పోయారు. పరుగెత్తుకొచ్చేసరికి గొళ్ళెం ఎర్రగా కాలి ఉంది, ఎవరూ పట్టుకోలేకపోయారు. లోపలి నుంచి అవ్వ పిలిచింది యశోదనే. ఆ పిలుపు ఆమె చెవిలోంచి పోలేదు, పోదు.

అందుకే ఆమె ముందు భర్తనే పట్టుకుంది.

"లోపల బీడీలు బందు చేయిద్దాం. ఏదన్న అయితే ఆడోళ్ళు, పిల్లలు ఒక్కరు బయటపడరు."

"బీడీ బందు చేస్తే బొమ్మ బందు చేసినట్టే," అన్నాడు కృష్ణమూర్తి, నోట్లో బీడీ తియ్యకుండానే. "బండి కట్టుకొని వచ్చెటోడు బొమ్మ కోసమే వస్తుండనుకుంటున్నవా? కాళ్ళు చాపి నాలుగు దమ్ములు కొట్టెటందుకు వస్తడు."

పెళ్ళైన కొత్తలో బీడీ మానేస్తానని అతడు ఆమెకు మాటిచ్చాడు. ఆ మాట ఇప్పటికీ కొత్తగానే ఉంది, ఒక్కసారి కూడా వాడలేదు గనక.

అయినా మరీ మొండివాడు కాదు. పెళ్ళాం పోరు పడలేక 'లోపల పొగ త్రాగరాదు' అని అద్దం పలక రాయించి తెర మీద వేయించాడు. ఆ పలక వెలుగులోనే చాలామంది తమ బీడీ కట్టలు వెతుక్కునేవారు. గేటు దగ్గర జేబులు తడమమని గేట్‌మన్ గఫార్‌కు చెప్పింది యశోద. రెండు రోజులకే అతడు చేతులెత్తేశాడు.

"ఒకడు రుమాలు మడతల పెడ్తడు, ఒకడు చెవి సందుల పెడ్తడు, ఇంకొకడు అగ్గిపెట్టె మొలతాడుకు కట్టుకొస్తడు. ఆడికి గూడ చెయ్యి పెట్టమంటవా అమ్మా నన్ను?"

అదీగాక గేటు పక్కనే పాన్ డబ్బాకు రాత్రింబగళ్ళు రగులుతూ కొబ్బరి తాడు వేలాడుతుండేది. దాని కొసకు బీడీ అంటించుకుని లోపలికి నడవడం తొర్రూరు మగవాళ్ళకు టికెట్టు చింపించుకోవడమంత సహజం.

దారి ఒకరోజు తనంతట తనే దొరికింది. వెంకన్న మహిమల బొమ్మ వచ్చింది. దేవుడు తెర మీదికి రాగానే హారతులిచ్చి, జనం తెచ్చిన కొబ్బరికాయలు బయట గఫార్ చేత కొట్టించి, ముక్కలు గంపలో వేసి ఆట వదిలాక ప్రసాదం పంచేవారు. ఆ బొమ్మకు, ఊరి బడిలో చెప్పి రిటైరైన వీరస్వామి సారు వచ్చాడు. తొర్రూరులో మీసం మొలిచిన ప్రతివాడూ ఆయన బెత్తం రుచి చూసినవాడే. ఆయన ఒక మూల కూర్చుంటే ఆ మూలంతా బీడీలు ఆరిపోయాయి. నెరిసిన తలల వాళ్ళు కూడా చెయ్యి వెనక్కి దాచుకుని, దొంగ దొరికినట్టు బిక్కమొహాలు వేశారు. తండ్రి ముందు, సారు ముందు బీడీ తాగినవాడు ఆ సీమలో మనిషి లెక్కలోకి రాడు.

మర్నాడే యశోద ఆయన ఇంటికి పోయింది.

"సార్, మీరు రోజు వచ్చి కూసుంటే చాలు. మీ మొఖం చూస్తే ఒక్కడు అంటియ్యడు."

ఆయన పెద్దగా నవ్వాడు. ఉద్యోగం అయిపోయాక తనను ఎవరూ ఏ పనికీ పిలవలేదని, ఇదీ ఒక బడే అనుకుంటానని ఒప్పుకున్నాడు. తెర పక్కన జనం వైపు తిప్పి కుర్చీ వేశారు, చేతికి టార్చిలైటు ఇచ్చారు. ఆయనకు బొమ్మ వినపడేదే తప్ప కనపడేది కాదు. టార్చి మాత్రం అటూ ఇటూ తిరుగుతుండేది.

నిజంగానే పొగ పోయింది. బొమ్మ వేసే జమాల్ కిందికి దిగొచ్చి మరీ చెప్పాడు. "అమ్మా, దేవుని మొఖం ఇన్నొద్దులకు సాఫ్‌గ కనపడ్డది. ఇంతకుముందు పొగమంచుల ఉన్నట్టుండె." ఆడవాళ్ళ వైపు దగ్గులు తగ్గాయి. యశోద కంటికి చాలాకాలం తర్వాత నిద్ర పట్టింది. కృష్ణమూర్తి కూడా నీ తెలివే తెలివి అని మెచ్చుకున్నాడు, మెచ్చుకుని బయటికి పోయి బీడీ వెలిగించుకున్నాడు.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక పొద్దున హాలు ఊడ్చే కట్టమ్మ కొంగులో ఏదో మూటగట్టుకుని వచ్చింది.

"యశోదమ్మా, ఇంతకుముందు ఊడిస్తే చాటెడు బీడీ ముక్కలు వస్తుండె. సారు కూసున్నకాంచి ఒక్కటి లేకపాయె. మారిన్రు అనుకున్న. ఇయ్యాల తడక మీది సాలెగూడు దులిపితే గివి రాలినయి."

కొంగు విప్పింది. గుప్పెడు బీడీ ముక్కలు. యశోద పరుగున పోయి తడికెలు చూసింది. కూర్చున్న మనిషి భుజం ఎత్తున, కమ్మల మడతల్లో, ఎక్కడ చూసినా నల్లగా కమిలిన చిల్లులు. టార్చి అటు తిరిగినప్పుడు దోసిట్లో దాచి రెండు దమ్ములు లాగడం, వెలుగు ఇటు రాగానే అలవాటైన చెయ్యి వెనక్కి పోయి మండే బీడీని తడికెలో దోపడం. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి వీళ్ళకన్నా నయం. తడికె పక్క జాగా కోసం ఈ మధ్య మగవాళ్ళు ఎందుకు కొట్టుకుంటున్నారో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇసుకలో పడి ఆరిపోయే నిప్పును ఆమే తీసుకుపోయి ఎండు కమ్మల్లో పెట్టించింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

కృష్ణమూర్తి ఊళ్ళో లేడు. కొత్త బొమ్మ డబ్బా కోసం పొద్దున బస్సుకే వరంగల్ పోయాడు. ఆట ఆపే అధికారం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. దేవుని బొమ్మకు చివరి రోజు కావడంతో చుట్టుపక్కల తండాల నుంచి మధ్యాహ్నానికే బండ్లు దిగుతున్నాయి. యశోద చెప్పులు కూడా వేసుకోకుండా సారు ఇంటికి పోయింది.

వీరస్వామి సారు అరుగు మీద కూర్చుని, చొక్కాకు తనే గుండీ కుట్టుకుంటున్నాడు. ఆమెను చూడగానే ముఖం వెలిగింది.

"రా బిడ్డా. గిప్పుడే మా ఇంటామెకు చెప్తున్న. ముప్పై ఏండ్లు బడిల చెప్పినా మారని గాడిదలు ఇప్పుడు మారిన్రని. నా బతుకుకు గింతకన్న ఏం కావాలె?"

యశోద నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. మీ భయానికే నిప్పు దాస్తున్నారు సార్ అని ఏ ముఖం పెట్టుకుని చెప్తుంది? ఎండ ఎక్కువుందని, మజ్జిగ తాగి రమ్మని ఏదో చెప్పి తిరిగొచ్చింది. దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది.

వచ్చి గఫార్‌ను, కట్టమ్మను పట్టుకుని తడికెలన్నిటికీ బిందెలతో నీళ్ళు కొట్టించింది. గేటు దగ్గర బకెట్లలో ఇసుక నింపించింది. పొద్దు గూకేసరికి కమ్మలు నీళ్ళు తాగిన గుర్తయినా లేకుండా ఎండిపోయాయి.

ఆట మొదలైంది. హారతులయ్యాయి, కొబ్బరి ముక్కల గంప కిటికీ దగ్గరికి చేరింది. ఆ రోజు యశోద గొళ్ళెం పెట్టలేదు. గేటు దగ్గరికి వేసి, దానికి తన వీపు ఆనించి నిలబడింది. లోపల ఏ పిల్ల ఏడ్చినా ఉలిక్కిపడుతోంది, ఎవరు దగ్గినా వాసన చూస్తోంది. అప్పుడే వరంగల్ బస్సు దిగి, డబ్బా కూలివాడి నెత్తిన పెట్టించుకుని కృష్ణమూర్తి వచ్చాడు. చేతిలో బీడీ ఉంది.

"గొళ్ళెం పెట్టలేదేంది? మల్ల ఆ పోరగాండ్లు జొర్రాల్నా?" అంటూ ఆమెను పక్కకు జరిపి తనే గొళ్ళెం బిగించాడు.

"జర ఆగుండ్రి. తడకలల్ల బీడీలు..."

"బొమ్మ అయినంక చెప్పు. జనం ఎట్లున్నరో చూసొస్తా."

మగవాళ్ళ గేటు తెర ఎత్తి లోపలికి పోయాడు. అతడి వేళ్ళ మధ్య ఎర్రని చుక్క తెర వెనక మాయమైంది.

కొంతసేపటికి వాసన వచ్చింది. బీడీ వాసన కాదు. ఆ వాసన యశోదకు దేవరుప్పుల నుంచి తెలుసు. మంట అని అరిస్తే ఈ ఒక్క గేటులో తొక్కుకునే చస్తారని కూడా ఆ క్షణంలోనే తోచింది. గొళ్ళెం తీసేసి, జమాల్ గది మెట్లెక్కింది.

"విశ్రాంతి పలక వెయ్యి."

"ఈ రీలు ఇంక సగం గూడ కాలేదమ్మా."

"వెయ్యమంటున్న గద జమాల్! కమ్మలు అంటుకున్నయి!"

తెర మీద 'విశ్రాంతి' పడింది, దీపాలు వెలిగాయి. మగవాళ్ళు ఏమీ అడగలేదు. విశ్రాంతి అంటే వాళ్ళకు బీడీ వేళ. సారు కన్ను తప్పించుకుని హాయిగా తాగడానికి జేబుల్లో చేతులు పెట్టుకుంటూ అంతా బయటికి నడిచారు. మాయదారి బీడీ ఆ ఒక్క పూట మేలు చేసింది.

ఆడవాళ్ళు మాత్రం కదలరు. విశ్రాంతిలో వాళ్ళు జాగా వదలరు, మురుకుల మూట విప్పుతారు. యశోద కొబ్బరి గంప చంకనెత్తుకుని గేటు బయట నిలబడి గొంతు వణక్కుండా కేకేసింది.

"దేవుని ప్రసాదం! బయట పంచుతున్నం! పిల్లలను తీసుకొని రాండ్రి! లేకపోతే అయిపోతది!"

ప్రసాదం అన్నాక ఆగేదెవరు? చంటిపిల్లలను చంకనేసుకుని, జాగాలకు గుర్తుగా కొంగుముడులూ సంచులూ పెట్టి, నింపాదిగా వస్తున్నారు. వాళ్ళ నింపాదికి యశోద ప్రాణం పోతోంది. ఒక్కొక్కరి చేతిలో ముక్క పెట్టి, "అవతలికి పోండ్రి, గా బండ్ల కాడికి పోండ్రి" అని తోస్తోంది. అంతలో మగవాళ్ళ వైపు తడికె మీద మంట నాలుక ఒకటి పైకి లేచింది. లోపల ఇంకా ఒక ముసలామె కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"నాకు గీడికే తెచ్చియ్యి బిడ్డా. మోకాళ్ళు లేస్తలెవ్వు," అంది.

యశోదకు గంప ఎక్కడ పడేసిందో తెలియదు. లోపలికి ఉరికి ఆ ముసలామెను రెండు చేతులా ఎత్తుకుంది. జీవితంలో బిందె కన్నా బరువు ఎత్తని మనిషి, ఆమెను గుండెకు అదుముకుని గేటు దాటించింది. ముసలామె ఆమె చెవి దగ్గర ప్రసాదం, ప్రసాదం అంటూనే ఉంది. బయట ఇసుకలో కూర్చోబెట్టాక యశోద బోరుమని ఏడ్చింది.

మగవాళ్ళు మండుతున్న కమ్మలు లాగి పడేశారు, ఇసుక కొట్టారు, బావి నుంచి నీళ్ళు అందించారు. ఒక వైపు తడికె, సగం కప్పు పోయాయి. మనుషులు దక్కారు. కృష్ణమూర్తి కుడిచేతి వేళ్ళు కాలి బొబ్బలెక్కాయి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. అది సామెత అనుకునేవాళ్ళు ఆ రాత్రి తొర్రూరులో ఉండాల్సింది. చల్లారని కమ్మ ఒకటి కాలితో జరిపి, వంగి బీడీ అంటించుకున్న మహానుభావుణ్ణి యశోద తన కళ్ళతో చూసింది.

మర్నాడు ఆమె సారు దగ్గరికి పోయి, ఈసారి అంతా చెప్పింది. చెప్తూ తల ఎత్తలేదు.

"అంటే మారలే. దాసుకున్నరు," అన్నాడు సారు. "నేను జీవితమంత నేర్పింది గిదేనా బిడ్డా? దాసుకొనుడు?"



కప్పు మళ్ళీ వేయించి టాకీసు తెరిచిన రోజు, వీరస్వామి సారు లోపలికి పోలేదు. మగవాళ్ళ గేటు బయట పీట వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఇసుక బకెట్టు. పాన్ డబ్బాకు వేలాడే కొబ్బరి తాడు విప్పించి, రగిలే కొస తన చేతిలోనే పట్టుకున్నాడు.

"రాండ్రి. ఎవలకు బీడీ కావాల్నో నా దగ్గర అంటించుకోండ్రి. నా ముందల్నే తాగుండ్రి, నేనేమన. తాగినంక లోపలికి పోండ్రి. నిప్పు మాత్రం లోపలికి పోవద్దు."

ఒక్కరూ కదల్లేదు. ఆయన చేతిలో బెత్తం ఉన్ననాడు కూడా వాళ్ళు అంత భయపడి ఉండరు. తమకు అక్షరాలు దిద్దించిన చెయ్యి తమ బీడీకి నిప్పు పట్టుకుని ఉంటే, దాన్ని చూడలేక కొందరు ముఖం తిప్పుకున్నారు. ఎవరో, "వద్దు సార్, మమ్ముల గిట్ల చంపకుండ్రి" అన్నారు.

అప్పుడు టికెట్ల గదిలోంచి కృష్ణమూర్తి వచ్చాడు. వేళ్ళకు ఇంకా గుడ్డ కట్టు ఉంది. జేబులోంచి బీడీ తీసి పెదవుల మధ్య పెట్టుకుని, సారు ముందు వంగి తాడు కొసకు అంటించుకున్నాడు. జనం నోరు తెరిచారు. ఒక్క దమ్ము లాగేసరికి అతడి కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"ఆ బీడీ నాదే సార్. మీ టార్చి నా మీద పడంగనే తడకల పెట్టిన. ఆర్పిననుకున్న. మీ ముందల తాగితే తప్పాయె గని..."

సారు తాడు దించలేదు. "తాగు. మొత్తం తాగు," అన్నాడు.

కృష్ణమూర్తి తాగలేకపోయాడు. బీడీని బకెట్టులో గుచ్చి, ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. కొందరు తల వంచుకుని ఆయన ముందే అంటించుకుని, అక్కడే నిలబడి తాగి, ఇసుకలో ఆర్పి లోపలికి పోయారు. ఎక్కువమంది ఆయన ముందు బీడీ నోట్లో పెట్టుకోలేక, కట్టకు కట్ట, అగ్గిపెట్టెతో సహా గఫార్ చేతిలో పెట్టి పోయారు. ఆ రాత్రి లోపల ఒక్క చుక్క కూడా ఎర్రగా వెలగలేదు.

కిటికీలోంచి యశోద అంతా చూసింది, విన్నది. ముందు ఒళ్ళంతా మండింది. తర్వాత అతడి ఏడుపు చూసి జాలేసింది. జాలి వేసినందుకు మళ్ళీ కోపం వచ్చింది. కిటికీ మూసి ఆడవాళ్ళ గేటు దగ్గరికి పోయి నిలబడింది. కళ్ళు తుడుచుకుంటూ కృష్ణమూర్తి అక్కడికే వచ్చాడు. అలవాటు కొద్దీ అతడి చూపు గొళ్ళెం మీదికి పోయింది.

"బీడీ సంగతి సారుకు చెప్పిన్రు," అంది యశోద మెల్లగా. "గొళ్ళెం సంగతి ఎవలకు చెప్తరు?"

అతడు జమాల్ గదిలోంచి పట్టుకారు తెచ్చి, కాలిన వేళ్ళతోనే ఒక్కో మేకూ పీకాడు. కట్టుగుడ్డ మీద నెత్తురు కనపడింది. యశోద ఆపలేదు. ఊడిన గొళ్ళెం ఆమె చేతిలో పెట్టి పోయాడు.

దీపాలు ఆరాయి. ఆమె రెండు తలుపులూ బార్లా తీసి, గొళ్ళెం ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుంది. లోపల జనమంతా తెర వైపు చూస్తున్నారు. యశోద ఇంకా కప్పు వైపే చూస్తోంది.